మా బావ సరిచేసిన పదకొండు నిమిషాలు

మీరు ఏ బ్యాంకుకో ఫోన్ చేస్తారు. "మీ కాల్ మాకు ఎంతో విలువైనది, దయచేసి వేచి ఉండండి" అని ఒక ఆడగొంతు చెప్పి తప్పుకుంటుంది. ఆ తరవాత మీ చెవిలో టింగు టింగుమంటూ ఒక సంగీతం మొదలవుతుంది చూశారూ, అది మా బావ చేసిందే కావచ్చు. లిఫ్టులో మూడో అంతస్తు నుంచి తొమ్మిదో అంతస్తుకు వెళ్ళేలోపు వినిపించేదీ అతనిదే కావచ్చు. స్కానింగు గది బయట, విమానం ఇంకా కదలనప్పుడు, బట్టల షాపులో బిల్లు దగ్గర వరస కట్టినప్పుడు, ఎక్కడ మనుషులు విసుగ్గా నిలబడి ఉంటారో అక్కడ మా బావ ఉంటాడు. ఎవరూ వినకుండా ఉండేలా సంగీతం చేయడం ఇరవై రెండేళ్ళుగా అతని వృత్తి. తలుచుకుంటే నాకు ఒళ్ళంతా కంపరం. ఇది కోపం కాదు. కోపమైతే నాలుగు మాటలు అనేసి చేతులు కడుక్కునేదాన్ని.

నేను లాండ్రీలో కౌంటర్ దగ్గర పనిచేస్తాను. జనం విప్పి పడేసిన బట్టలు రోజంతా చేత్తో పట్టుకుని, మరకలు వెతికి, చీటీ రాసి గుచ్చుతాను. నాకు మరకలంటే అసహ్యం లేదు. కాలరు మీద చెమట, చేతి మీద కూర, అవి మనిషి బతికాడని చెప్పే గుర్తులు. నాకు అసహ్యం వేరే వాటి మీద. అది చెప్పడానికే ఇదంతా.

మా నాన్న శాక్సఫోన్ వాయించేవాడు. పగలు కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసేవాడు, సాయంత్రం తెల్ల కోటు తొడుక్కుని ఒక పెద్ద హోటల్లో భోజనాల హాలు మూల నలుగురు మనుషుల బ్యాండులో కూర్చునేవాడు. వాళ్ళు వాయించేది జాజ్. గీతలు పడిన పాత రికార్డులు విని నేర్చుకున్నది. తినేవాళ్ళలో ఒక్కడూ ప్లేటులోంచి తల ఎత్తేవాడు కాదు. నాన్నకు అది పట్టేది కాదు.

ఆయన వాయింపులో ఒక తీరు ఉండేది. డ్రమ్ము దెబ్బ పడుతుంది, అందరూ ఆ దెబ్బ మీదే దిగుతారు, నాన్న దిగడు. వెంట్రుకవాసి ఆగుతాడు. బస్సు కదిలాక ఎక్కేవాళ్ళు ఉంటారు కదా, అలాగ. చూసేవాళ్ళకి గుండె జారుతుంది, ఆయన మాత్రం అప్పటికే సీట్లో కూర్చుని టికెట్టు తీసుకుంటూ ఉంటాడు. ఎంతసేపు ఆగుతాడో ఎవరూ చెప్పలేరు. ఒక్కో స్వరానికి ఒక్కో ఆలస్యం. ఆ ఆలస్యంలోనే నాన్న మొత్తం ఉండేవాడు. అది తీసేస్తే మిగిలేది ఎవడైనా ఊదగలిగిన పాట.

బావ మా మేనత్త కొడుకు. మా ఇంటికి రెండు వీధుల అవతల వాళ్ళ ఇల్లు. పద్దెనిమిదేళ్ళప్పుడు ఎవరో వాడి వదిలేసిన కంప్యూటరు ఒకటి, ఆరు మెట్లు పనిచేయని కీబోర్డు ఒకటి సంపాదించి, మా భోజనాల బల్ల మీద దుకాణం పెట్టాడు. కంప్యూటరు టిక్కు టిక్కుమని తాళం వేస్తుంటే దానితో కలిసి వాయించడానికి తంటాలు పడేవాడు. నాన్న అద్దాల పొడి అంటిన చేతులతో వచ్చి వెనక నిలబడేవాడు.

"అల్లుడూ, నీ మామని నేను. ఆ కంప్యూటరు కాదు. దానికెందుకంత భయపడతావ్?"

"తాళం తప్పకూడదు కదా మామయ్యా."

"తప్పమని ఎవరన్నారు. అది పిలవగానే పరిగెత్తకు. కాస్త ఆగి వెళ్ళు. మనకీ మర్యాద ఉండాలి."

బావ ఆ మాట పట్టుకున్నాడు. కంప్యూటరు తెర మీద గళ్ళు ఉంటాయి. ఒక్కో డ్రమ్ము దెబ్బా ఒక గడి మొదట్లో కూర్చుంటే సరిగ్గా సమయానికి పడుతుంది. బావ ఒక్కో దెబ్బనీ మౌసుతో పట్టుకుని గడి మొదటి నుంచి ఒక పిసరు పక్కకు జరిపేవాడు. విని, మళ్ళీ జరిపేవాడు. నాన్న వాయించే తీరుని యంత్రానికి చేత్తో నేర్పడం అన్నమాట. నాలుగు నిమిషాల పాటకి నెల పట్టేది. ఆ పాటలు నేలమాళిగలోని ఒక డాన్సు హాల్లో మోగాయి, అక్కడివాళ్ళు అతనికి 'ఆలస్యం' అని పేరు పెట్టారు. ఆలస్యం వచ్చాడా, ఆలస్యం కొత్త పాట విన్నావా అని అనుకునేవాళ్ళు. ఒకసారి నాన్నని అక్కడికి తీసుకెళ్ళాను. చెవుల్లో దూది పెట్టుకుని, గోడకి ఆనుకుని రెండు పాటలు విని, "వీడు నన్ను మిషన్లో పెట్టాడమ్మాయ్" అన్నాడు. ఆ వారమంతా అద్దాల దుకాణంలో అదే చెప్పుకున్నాడట.

తరవాత బావకి ఉద్యోగం వచ్చింది. ఫోన్ కంపెనీలకీ హోటళ్ళకీ వెనక మోగే సంగీతం తయారుచేసి ఇచ్చే ఆఫీసు. దాని మేనేజరుకి బావ పెట్టిన పేరు పాలిష్. ఏం వినిపించినా ఆయన "బాగుంది, కాస్త పాలిష్ చేద్దాం" అంటాడు కనక. పాలిష్ దగ్గర ఒక పరిశోధన ఉంది. ఫోన్లో ఎదురుచూసేవాడికి తాళం ఒక్కచోట తడబడినట్టు అనిపించినా లైను కట్ చేస్తాడట. కాబట్టి ప్రతి దెబ్బా గడి మొదట్లోనే పడాలి. బావ ఇచ్చిన మొదటి మూడు పాటలూ వెనక్కి వచ్చాయి. నాలుగోదాన్ని మొత్తం ఒకేసారి పట్టుకుని, ఒక్క మీట నొక్కి, అన్ని దెబ్బల్నీ గళ్ళ మొదటికి లాగేశాడు. ఆ పని చేసే మీట ఒకటి ఉంటుంది. నేను దాన్ని ఇస్త్రీ అంటాను. ఆ పాటని వెంటనే తీసుకున్నారు.

"మామయ్యా, మా ఆఫీసులో మీరైతే మొదటి గంటలోనే ఉద్యోగం ఊడుతుంది" అని మా ఇంట్లో కూర్చుని నవ్వాడు బావ. నాన్న పగలబడి నవ్వాడు. నేనూ నవ్వాను. ఇప్పుడు ఆ నవ్వు గుర్తొస్తే నోట్లో పుల్లటి నీళ్ళు ఊరుతాయి.

ఏళ్ళు గడిచాయి. "నా సొంత పాటలు చేస్తాను, కాస్త తీరిక దొరకనీ" అని అంటూనే ఉన్నాడు, పొట్ట పెంచుతూనే ఉన్నాడు. మెత్తటి చెప్పులు, మెత్తటి కుర్చీ, మెత్తటి మాట. నాన్న హోటలువాళ్ళు బ్యాండుని మానిపించి కప్పులో స్పీకర్లు పెట్టించారు. వాటిలో మోగేది బావ ఆఫీసు సరుకే. నాన్న తెల్ల కోటు మడిచి నా చేతికిచ్చి, "పోనీలే, ఇంట్లోవాడిదేగా" అన్నాడు. బావ ఆ రోజు మా ఇంటికి వచ్చి, టీ తాగి వెళ్ళిపోయాడు. నాన్న ఇంట్లో వాయించుకోవడం మొదలుపెట్టాడు, రోజూ సాయంత్రం, కిటికీ వైపు తిరిగి.

ఆరేళ్ళ తరవాత పళ్ళ డాక్టరు నాన్న నోరు తెరిపించి చూసి, పై వరసలో ముందు నాలుగూ తీసెయ్యాలన్నాడు. చిగుళ్ళు కుళ్ళిపోయాయి. శాక్సఫోన్ మూతిని పై పళ్ళ కింద అదిమి పట్టుకుని ఊదాలి. ఆ పళ్ళు లేకపోతే వాయింపు లేదు. మంగళవారం తీస్తామన్నారు.

నాన్న వాయింపు జీవితంలో ఒక్క నిమిషం కూడా రికార్డు కాలేదు. ఎప్పుడు అడిగినా "నేనున్నాగా, రికార్డెందుకు" అనేవాడు. ఆ రోజు డాక్టరు దగ్గర నుంచి బస్సులో వస్తూ, కిటికీలోంచి బయటికి చూస్తూ అన్నాడు:

"ఒకసారి రికార్డు చేయించుకుందాం అమ్మాయ్. మీ బావకి చెప్పు."

ఆదివారం ఆఫీసుకి సెలవు. అయిదో అంతస్తులో బావ రికార్డింగు గది. గోడల నిండా బూడిదరంగు స్పాంజి, నేల మీద తివాచీ, అద్దం అవతల బావ. నాన్న రీడుని, అంటే మూతికి బిగించే ఆ సన్నటి పుల్లని, నోట్లో పెట్టుకుని చాలాసేపు నానబెట్టాడు. ఊగే పళ్ళ మధ్య దాన్ని మెల్లగా సర్దుకున్నాడు. నేను ఫోన్ బయటికి తీసి రికార్డు చేయబోయాను.

"అదెందుకు మరదలా, ఇక్కడ ఇంత సామాను పెట్టుకుని" అన్నాడు బావ. ఫోన్ మళ్ళీ సంచిలో వేసేశాను.

నాన్న చెవులకీ నా చెవులకీ బావ తన పాత పాట ఒకదాని డ్రమ్ములు, అయిపోగానే మళ్ళీ మొదలయ్యేలా పెట్టాడు, నేలమాళిగ రోజులది. దెబ్బ పడింది. నాన్న ఊదలేదు. నేను ఊపిరి బిగబట్టాను. అప్పుడు వచ్చాడు. ఆ తరవాత పదకొండు నిమిషాలు ఎక్కడా ఆగలేదు. నేను ఆయన నోటినే చూస్తూ ఉండిపోయాను, పన్ను ఎక్కడ రాలిపోతుందోనని. అయిపోయాక శాక్సఫోన్ మూతి మీద ఎర్రగా రక్తం, ఉమ్మి. నేనే తుడిచాను. అద్దం అవతల బావ కళ్ళు తుడుచుకుంటున్నాడు. ఇది నేను నా కళ్ళతో చూశాను. అతనికి ఏమీ తెలియదు, అర్థం కాలేదు అనుకుంటే నాకు ఇంత రోత ఉండేది కాదు.

మంగళవారం పళ్ళు పోయాయి. కట్టుడు పళ్ళు వచ్చాక నాన్న రెండుసార్లు ప్రయత్నించాడు. అవి జారి, ఈల లాంటి గాలి వచ్చింది. శాక్సఫోన్‌ని పెట్టెలో పెట్టి బీరువా మీదికి ఎక్కించాడు. "మీ బావని వినిపించమను" అని మాత్రం వారానికోసారి అడిగేవాడు. బావని అడిగితే, ఇంకా పని ఉందనేవాడు. రెండు నెలలు అలా సాగదీసి, ఒక మధ్యాహ్నం మిఠాయి డబ్బా, చిన్న స్పీకరు పట్టుకుని వచ్చాడు. స్పీకరు బల్ల మీద పెట్టి మొదలుపెట్టాడు.

డ్రమ్ము దెబ్బ. దెబ్బ మీదే శాక్సఫోన్. తరవాతి దెబ్బ మీద తరవాతి స్వరం. ప్రతి స్వరమూ వరసలో నిలబడి హాజరు చెప్పినట్టు. నాన్న తల ఒక పక్కకి వంచి, మర్యాదగా, చివరిదాకా విన్నాడు.

"బాగా వాయించాడు. ఎవరితను?"

బావ నవ్వాడు. "మామయ్యా, మీరే."

"నేనా?" అన్నాడు నాన్న. మళ్ళీ పెట్టమన్నాడు. సగం విన్నాక కట్టుడు పళ్ళు తీసి గిన్నెలో నీళ్ళలో వేసి, కిటికీ దగ్గరికి వెళ్ళి కూర్చున్నాడు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "అసలుది ఇవ్వు బావా."

"ఇదే అసలుది. కాస్త శుభ్రం చేశానంతే."

"శుభ్రం నేను చేస్తాను, రోజూ. నువ్వు చేసింది వేరు. అసలుది ఇవ్వు."

మర్నాడు భోజనాల విరామంలో అతని ఆఫీసుకి వెళ్ళాను. కంప్యూటరు తెరిచి చూపించాడు. ఆ తేదీ కింద ఒక్కటే ఉంది, ఇస్త్రీ చేసింది. వాళ్ళ ఆఫీసులో పద్ధతి ఏమిటంటే, ఒక పాట మీద కూర్చోగానే అంతా పట్టుకుని ఇస్త్రీ మీట నొక్కడం, దాని మీదే దాచేయడం, శుక్రవారం సాయంత్రం ముడి రికార్డులన్నీ చెరిపేయడం. ఇరవై రెండేళ్ళు రోజుకి పదిసార్లు చేసిన పని. నాన్న పాటని తెరిచినప్పుడు కూడా ఆ చెయ్యి అదే చేసింది. ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. ఆ తరవాత దాన్ని ఎన్నోసార్లు విన్నాడట, బాగుందనుకున్నాడట. ఒక్కో దెబ్బనీ పిసరు పిసరు జరుపుతూ నెలలు గడిపిన మనిషికి తేడా తెలియలేదు.

"నొక్కినట్టు నాకు గుర్తే లేదు" అన్నాడు, తన చేతివంక చూసుకుంటూ.

ఆశపడి చేసి ఉంటే తిట్టేదాన్ని. భయపడి చేసి ఉంటే జాలిపడేదాన్ని. ఊరికే చేశాడు. ఈగని తోలినట్టు. నాకు ఆ గదిలో గాలి పీల్చబుద్ధి కాలేదు. పోయిన ఫైళ్ళు వెతికే మనిషిని పిలిపించారు. ఆ చోట్లో అప్పటికే ఇంకెన్నో లిఫ్టు పాటలు కూర్చున్నాయని అతను తేల్చేశాడు. ఇంతలో పాలిష్ వచ్చి సంగతి విని, "ఫైనల్ చక్కగా వచ్చింది కదా మేడమ్, ముడిదానితో పనేముంది" అన్నాడు.

"నేను లాండ్రీలో పనిచేస్తాను సార్. వేరేవాళ్ళ చొక్కా చేతిలో పెట్టి, ఇస్త్రీ బాగుంది కదా అంటే మమ్మల్ని చెప్పుతో కొడతారు" అన్నాను. ఆయన నీళ్ళ మిషను వైపు వెళ్ళిపోయాడు.

బావ మూడు వారాలు సెలవు పెట్టాడు. ఇస్త్రీ చేసినదాన్ని మళ్ళీ వెనక్కి నలుపుతానన్నాడు. తన కంప్యూటరు తెచ్చి మా భోజనాల బల్ల మీదే పెట్టుకున్నాడు. ఆరువందల పైచిలుకు స్వరాలు. నేను ఆ మూడు వారాలూ పోతూ వస్తూ బస్సులో చెవులకి పెట్టుకుని ఆ ఇస్త్రీ పాటనే విన్నాను. దాని అడుగున ఎక్కడో నాన్న ఉండకపోతాడా అని. రోజుకి నాలుగైదుసార్లు. పనిలో చీటీలు రాస్తూ కూడా.

మొదట బావ అన్ని స్వరాల్నీ ఒకే కొలతలో పక్కకి జరిపి వినిపించాడు. నాన్న కాసేపు విని, "వీడు ఆగట్లేదు అల్లుడూ. వీడి గడియారం లేటు" అన్నాడు. రెండోసారి బావ స్వరాల్ని దాని ఇష్టానికి అటూ ఇటూ జరపమని కంప్యూటరుకే వదిలేశాడు. "ఇతనెవరో తాగొచ్చాడు" అన్నాడు నాన్న. వెక్కిరింపు కాదు, నిజంగానే ఎవరో వేరేవాళ్ళ గురించి చెబుతున్నట్టు చెప్పాడు.

"మీరే చెప్పండి మామయ్యా. బల్ల మీద వేలితో కొట్టి చూపించండి, ఎక్కడ ఎంత ఆగారో."

నాన్న వేలు ఎత్తాడు. డ్రమ్ములు నడుస్తున్నాయి. వేలు గాల్లోనే ఉంది. ఒకసారి కొట్టాడు, ఇంకోసారి కొట్టాడు, తల అడ్డంగా ఊపాడు.

"నేను లెక్కపెట్టి ఆగలేదురా. గుండెలనిండా ఊపిరి పట్టేవాణ్ణి. ఇంక పట్టలేను అనిపించినప్పుడు వదిలేవాణ్ణి. ఇప్పుడు ఊదేదే లేదు, దేనికోసం ఆగను?" అని లేచి, పక్క గదిలోకి వెళ్ళి పడుకున్నాడు. ఆయన మొహంలో బాధ కూడా కనిపించలేదు. మన సంగతి కాదులే అన్నట్టు వెళ్ళిపోయాడు. నాకు బావ పీక పిసకాలనిపించింది.

బావ కుర్చీ నా వైపు తిప్పాడు. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"ఆ రోజు నువ్వు గదిలోనే ఉన్నావు కదా. పుట్టినప్పటి నుంచీ మామయ్యని వింటున్నావు. నువ్వు పాడు. నీ గొంతుని బట్టి స్వరాలు జరుపుతాను."

"పాడతాను. సిగ్గుపడు, నీకు చేతకానిది బట్టలు ఉతికేది చెబుతోందని" అన్నాను.

అతను మైకు పెట్టాడు. చెవుల్లో డ్రమ్ములు మొదలయ్యాయి. కళ్ళు మూసుకున్నాను. కిటికీ, సాయంత్రం, నాన్న వీపు, అన్నీ కనిపించాయి. గుండె నిండా ఊపిరి పట్టి, అందుకున్నాను. మొదటి వరస, రెండో వరస, మలుపు, అక్కడి పొడుగు స్వరం. ఎక్కడా తడుముకోలేదు. అచ్చం ఇలాగే వాయించాడు అనుకున్నాను. ఇంత గట్టిగా నాకెలా గుర్తుందా అని నాకే గర్వమేసింది. పూర్తిచేసి కళ్ళు తెరిచాను.

బావ తెరవైపు చూస్తున్నాడు, చెయ్యి మౌసు మీద లేదు, ఒళ్ళో ఉంది. నా గొంతు గీతలు గళ్ళలో పరుచుకుని ఉన్నాయి. ప్రతి స్వరమూ గడి మొదట్లోనే మొదలైంది. మొదటి వరస, రెండో వరస, మలుపు, అన్నీ. పిసరంత కూడా ఎక్కడా పక్కకి లేదు.

"మీట నొక్కావా?" అన్నాను.

"లేదు" అన్నాడు బావ. "నేనేమీ ముట్టుకోలేదు. నువ్వు అలాగే పాడావు."